ఏడో చిత్తుప్రతి

కృష్ణవేణి చెప్పే కోర్సు పేరు ఒక్క ఊపిరిలో పలకగలిగినవాళ్ళు ఆ కాలేజీలో ఎవరూ లేరు. పర్యావరణం, న్యాయం, శాస్త్రాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడం, ఈ మూడూ కలిపి ఇంగ్లీషులో రెండు వరుసల పొడవుండే పేరది. విద్యార్థులు దాన్ని 'లెటర్ క్లాస్' అనేసి ఊరుకునేవాళ్ళు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అడిగితే ఆమె ఇంగ్లీషువాళ్ళ మనిషి అనేవారు, ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో అడిగితే కెమిస్ట్రీవాళ్ళ మనిషి అనేవారు. కాలేజీ బ్రోషర్‌లో ఫొటో వేసే వేళకు మాత్రం మా మనిషంటే మా మనిషని ఇద్దరూ ఎగబడేవారు. పద్నాలుగేళ్ళుగా ఆమె ఆఫీసు జిరాక్స్ మెషీన్ పక్కనున్న ఇరుకు గదిలోనే ఉంది.

కోర్సు సంగతి చెప్పాలంటే చాలా తేలిక. సైన్సు తెలిసిన కుర్రాళ్ళకు మనుషులతో మాట్లాడటం రాదు, మాటలు వచ్చినవాళ్ళకు సైన్సంటే హడల్. ఈ రెండు రకాలవాళ్ళనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఆమె ఒక ఉత్తరం రాయించేది. కాలేజీకి ఇరవై నిమిషాల డ్రైవ్‌లో ఒక పాత ఊరుంది. ఒకప్పుడు అక్కడ లోహపు సామాన్లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. సామాన్ల జిడ్డు వదిలించే ద్రావకాన్ని వాళ్ళు ఏళ్ళ తరబడి పెరట్లో పారబోశారు. ఫ్యాక్టరీ మూతపడి ముప్ఫై ఏళ్ళయినా ఆ ద్రావకం నేలలోంచి ఆవిరై చుట్టుపక్కల ఇళ్ళ బేస్‌మెంట్లలోకి చేరుతూనే ఉంది. వాసన ఉండదు, రంగు ఉండదు. ఏటా ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో కృష్ణవేణి క్లాసు కొన్ని ఇళ్ళలో గాలి పట్టి ల్యాబ్‌కి పంపుతుంది. ఫలితం వచ్చాక ఆ ఇంటివాళ్ళకు ఉత్తరం రాస్తుంది.

ఆ ఉత్తరానికి ఏడు చిత్తుప్రతులు. ఆరు కాదు, ఎనిమిది కాదు, ఏడు. ప్రతి చిత్తునూ సైన్సు వాసన లేని మనిషికి చదివి వినిపించాలి. క్యాంటీన్‌లో శాండ్‌విచ్‌లు చేసే ఆవిడకో, కాలేజీ షటిల్ బస్సు డ్రైవర్‌కో, ఎవరో ఒకరి నాయనమ్మకో. వినేవాళ్ళ నుదురు ఎక్కడ ముడిపడితే అక్కడ వాక్యం కొట్టేయాలి. "వాళ్ళు నోటితో అబద్ధమాడొచ్చు, అంతా అర్థమైందని తలాడించొచ్చు. నుదురు మాత్రం అబద్ధమాడదు" అనేది కృష్ణవేణి. పిల్లలు చాటున నవ్వుకునేవాళ్ళు గానీ, చదువులైపోయాక ఎక్కడెక్కడినుంచో ఈమెయిల్స్ పెట్టేవాళ్ళు, మేడమ్, ఆఫీసులో ఇప్పటికీ నుదురు చూసే రాస్తున్నాను అని.

ఇంత పట్టుదల ఎందుకంటే ఒక కారణం ఉంది. ఆరేళ్ళ కిందట ఆమె కాలేజీకి దగ్గర్లోని పార్సిప్పనీలో కూరగాయలు కొని కారు రివర్స్ చేస్తుంటే ఫోన్ వచ్చింది. భర్త స్కాన్ రిపోర్టు గురించి ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి మూడు ముక్కల్లో చెప్పేసి, ఇంకేమైనా సందేహాలున్నాయా అని అడిగి, పెట్టేసింది. భర్త ఆ తర్వాత ఎనిమిది నెలలే బతికాడు. ఆ ఎనిమిది నెలల కన్నా ఆ ఫోనే ఆమెను ఎక్కువ కోసింది. చెడు వార్తను ఇక ఎవరికీ ఫోన్‌లో చెప్పకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టే కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు?

క్రితం సెప్టెంబర్‌లో గాలి పట్టిన ఇళ్ళలో వాల్టర్ అనే రిటైర్డ్ స్కూల్‌బస్ డ్రైవర్ ఇల్లు ఒకటి. ఇంటి ఓనరుగా కాగితం మీద సంతకం పెట్టింది ఆయన. బేస్‌మెంట్‌లో అద్దెకున్నది మాత్రం ఉజ్వల. ఖమ్మం అమ్మాయి, ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చి డేటా సైన్సులో మాస్టర్స్ చేస్తోంది. భర్త సాయి తేజ విమానమెక్కి వెళ్ళాల్సినంత దూరాన బెంటన్‌విల్‌లో కాంట్రాక్టర్. నెలకో రెండు నెలలకో ఒకసారి టికెట్ దొరికినప్పుడు వచ్చి పోతుంటాడు. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవులకు వచ్చి వెళ్ళాడని, ఇల్లంతా బోసిపోయిందని ఆ అమ్మాయే చెప్పింది.

వంటింటి గ్యాస్ బుడ్డిలో సగముండే స్టీలు డబ్బాను విద్యార్థులు ఉజ్వల మంచం పక్కన పెట్టి దాని మూతికున్న కుళాయి తిప్పారు. ఇరవై నాలుగు గంటలు అది ఆ గది గాలిని మెల్లగా పీల్చుకుంటుంది. ప్రశ్నల కాగితంలో 'ఇంట్లో గర్భవతులు ఉన్నారా' అన్నచోట ఉజ్వల నవ్వి 'లేరు' అని టిక్ పెట్టింది. అబద్ధం కాదు. అప్పటికి ఆ సంగతి ఆమెకే తెలియదు.

కృష్ణవేణి నోట తెలుగు మాట వినపడేసరికి ఆ పిల్ల ముఖం చేటంత అయింది. కూర్చోబెట్టి ఉప్మా చేసి పెట్టింది. విద్యార్థులంతా మేడమ్ అంటుంటే తనొక్కతే ఆంటీ అని పిలిచింది.

"ఆంటీ, మీ నంబర్ ఇవ్వండి. ఇక్కడ నాకు తెలుగులో మాట్లాడేందుకు ఫోన్‌లో తప్ప ఎవ్వరూ లేరు" అంది.

"ఇదంతా క్లాసు కోసం చేస్తున్నదేనమ్మా, కంగారు పడకు. ఏదైనా తేలితే మేమే చెప్తాం" అంది కృష్ణవేణి నంబర్ ఇస్తూ.

ల్యాబ్ రిపోర్టు అక్టోబర్ మూడున వచ్చింది. గాలి పట్టిన ఏడు ఇళ్ళలో ఆరింటికి పెద్దగా ఏమీ లేదు. వాల్టర్ ఇంటి బేస్‌మెంట్‌లో మాత్రం ఆ ద్రావకం ఆవిరి ఉండదగ్గ హద్దుకు పదకొండు రెట్లుంది.

రిపోర్టు క్లాసులో చదివారు. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదివే అఖిల్ ముందు నోరు విప్పాడు.

"మేడమ్, ముందు ఫోన్ చేసి చెప్పేద్దామా? లెటర్ తర్వాత రాసుకోవచ్చు."

కృష్ణవేణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "హడావిడిగా ఫోన్ చేసి సగం సగం చెప్తే మనుషులు బెదిరిపోతారు అఖిల్. ఆ ముసలాయన రాత్రంతా నిద్ర లేకుండా ఉంటాడు, ఇంటర్నెట్‌లో అడ్డమైనవీ చదువుతాడు. మన పని భయపెట్టడం కాదు, అర్థమయ్యేలా చెప్పడం. రాయండి."

రాశారు. జర్నలిజం చదివే సాన్వి కలం పట్టింది. సాన్వి ఇక్కడే పుట్టిన పిల్ల, నాన్న పార్సిప్పనీలో ఐటీ ఉద్యోగి. తెలుగు కొంచెం ముద్దముద్దగా మాట్లాడుతుంది గానీ ఇంగ్లీషు వాక్యం రాసిందంటే నూలుపోగులా సాగుతుంది. మొదటి చిత్తు భయపెట్టేలా ఉందన్నారు. రెండోది మరీ జోకొట్టేలా ఉందన్నారు. మూడోదాంట్లో అంకె ఎక్కడ పెట్టాలన్న దానిమీద వారం గడిచింది. నాలుగోదాంట్లో 'ఈ రోజే' అని రాయాలా, 'వీలైనంత త్వరగా' అని రాయాలా అన్న దగ్గర క్లాసు రెండుగా చీలి నాలుగు రోజులు కొట్టుకుంది. చివరికి 'ఈ రోజే' గెలిచింది. ఆ చర్చ చూసి కృష్ణవేణి కడుపు నిండిపోయింది. పద్నాలుగేళ్ళలో ఇంత మంచి క్లాసు రాలేదని ఆ సాయంత్రం డైరీలో రాసుకుంది.

ఆ గొడవ మధ్యలోనే, అక్టోబర్ పన్నెండున, ఫోన్‌లో ఉజ్వల మెసేజ్ మెరిసింది. 'ఆంటీ, ఫ్రెష్ గోంగూర ఎక్కడ దొరుకుద్ది? వారం నుంచి పుల్లటివి తప్ప ఏదీ నోటికి సయించట్లేదు.' తెలుగు వంటింట్లో పదిరోజులు మసలిన ఏ ఆడమనిషైనా ఆ మాట చదివి చిరునవ్వు నవ్వి, ఎన్నో నెల అని అడిగేది. కృష్ణవేణి ఒక చేత్తో నాలుగో చిత్తు పట్టుకుని, రెండో చేత్తో జవాబు కొట్టింది. 'ఇండియన్ స్టోర్‌కి గురువారం వస్తుంది. పొద్దున్నే వెళ్ళు, అయిపోతుంది.' పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టింది. జనం చెప్పేది వినడం ఎలాగో పాతికమంది పిల్లలకు నేర్పే మనిషి ఆవిడ.

ఉత్తరం అక్టోబర్ ఇరవై తొమ్మిదిన పోస్ట్ అయింది. నిజం చెప్పుకోవాలి, అంత మంచి ఉత్తరం ఆ క్లాసులోనుంచి ఎప్పుడూ రాలేదు. 'మీ ఇంటి బేస్‌మెంట్ గాలిలో ఒక రసాయనం ఉండకూడనంత ఎక్కువగా ఉంది. ఈ రోజే మీరు చేయగలిగిన మూడు పనులు కింద రాశాం.' ఇలా మొదలై ఒక్క పేజీలో ముగిసింది. వాల్టర్ మంచివాడు. ఉత్తరం అందిన సాయంత్రమే మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగి వెళ్ళి ఉజ్వలకు పైకి చదివి వినిపించాడు. ఎక్కడా నుదురు ముడిపడలేదు. ఉజ్వల మూడో రోజుకల్లా పార్సిప్పనీలో స్నేహితురాళ్ళ అపార్ట్‌మెంట్‌కి మారిపోయింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వంవాళ్ళు వచ్చి ఆ ఇంటి కింది గాలిని బయటికి తోసే ఫ్యాను బిగించారు. కాలేజీవాళ్ళు ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి లైబ్రరీ గోడకు తగిలించారు.

నవంబర్‌లో ఉజ్వల ఫోన్ చేసి, సిగ్గుపడుతూ, మూడో నెల ఆంటీ అని చెప్పింది. కృష్ణవేణి 'అయ్యో తల్లీ, శుభం' అంది. అన్నాక గుండెలో ఏదో కలుక్కుమంది. మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది, మారిపోయింది కదా, పర్వాలేదులే అని.

జనవరిలో ఐదో నెల స్కాన్‌లో పాప గుండె సరిగ్గా ఏర్పడలేదన్నారు. ఫిబ్రవరిలో, ఆరో నెలలో, కడుపులోనే పోయింది. ఎందుకు ఇలా జరిగిందని అడిగితే, ఇలాంటివాటికి కారణం చెప్పలేమని డాక్టరు అన్నాడట.

ఆ కబురు తెలిసిన రోజు కృష్ణవేణి ఆఫీసు తలుపు వేసుకుని వాల్టర్ ఇంటి ఫైలు తీసింది. రెండు తేదీలు పక్కపక్కన చూసుకుంది. అక్టోబర్ మూడు. అక్టోబర్ ఇరవై తొమ్మిది. ఆ ద్రావకం తొలి వారాల్లో బిడ్డ గుండెకు చేటు చేయవచ్చని కొన్ని అధ్యయనాలు అంటాయి, రుజువు చాలదని మరికొన్ని అంటాయి. రెండు వైపులవీ ఆమె క్లాసులో పాఠంగా చెప్పినవే. అనిశ్చితిని దాచకుండా ఎలా చెప్పాలో ఆ పాఠం. ఇప్పుడా పాఠంలోనుంచి ఒక్క వాక్యమైనా తనకు ఓదార్పుగా పనికొస్తుందేమోనని వెతుక్కుంది. రాలేదు. బల్లమీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. పక్కగదిలో జిరాక్స్ మెషీన్ కాగితాలు కక్కుతూనే ఉంది.

ఉజ్వలకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం, పుండుమీద కారం చల్లడం తప్ప అనుకుంది. ఉజ్వలకు తెలిసింది ఉత్తరం మీదున్న తేదీ ఒక్కటే. ల్యాబ్ తేదీ ఆ అమ్మాయికి తెలిసే దారే లేదు. తను జాలితో ఊరుకుందో భయంతో ఊరుకుందో కృష్ణవేణికే సరిగ్గా తెలియదు. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఏప్రిల్‌లో కాలేజీకి కోర్సులు తగ్గించుకోవాల్సి వచ్చింది. రెండు డిపార్ట్‌మెంట్లకూ చెందని కోర్సు మీదికే ముందుగా కత్తి లేస్తుందని వేరే చెప్పక్కర్లేదు. డీన్ పిలిచి, మూడో వారంలో కమిటీ కూర్చుంటుంది, మీ క్లాసువల్ల మేలు పొందిన మనిషి ఒకరు వచ్చి మాట్లాడితే గట్టెక్కొచ్చు, ఆ ఫ్రేము ఉత్తరం అమ్మాయి వస్తుందా అని అడిగింది. కృష్ణవేణి అడగనని చెప్పి వచ్చేసింది. ఆ మాట సాన్వి ద్వారా ఉజ్వల చెవిన పడింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"నేనొస్తా ఆంటీ. నా పాప పోయింది, అది వేరే. ఆ లెటర్ రాకపోతే నేను ఇప్పటికీ ఆ గదిలోనే పడుకునేదాన్ని కదా. మీ క్లాస్ తీసేస్తారంటే ఎట్లా ఊరుకుంటా?"

వద్దమ్మా అని గట్టిగా అనాల్సింది. నీకెందుకమ్మా శ్రమ అని మాత్రమే అంది. ఆ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో క్లాసులో అయితే గంటసేపు చెప్పగలదు.

శనివారం పొద్దున పదింటికి పార్సిప్పనీలోని ఆ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. స్పీచ్ రాశాను, ఒకసారి వినండి అని ఉజ్వల పిలిచింది మరి. స్నేహితురాళ్ళిద్దరూ సరుకులకు వెళ్ళారు. డైనింగ్ టేబుల్ మీద ప్రింట్ తీసిన కాగితాలు బొత్తిగా ఉన్నాయి. ఉజ్వల టీ పెట్టి తెచ్చింది. మనిషి సగమైపోయింది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"మీ క్లాస్ పద్ధతిలోనే చేసిన ఆంటీ. సాన్వి చెప్పింది. ఇది ఏడోది" అంది కాగితం చూపిస్తూ. ఆ ముఖంలో రెండు నెలల తర్వాత మొదటిసారి కొంచెం వెలుగు కనబడింది. "నేను పైకి చదువుతా. మీ నుదురు ఎక్కడ ముడిపడితే అక్కడ గీత పెట్టుకుంటా."

చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో రాసింది గానీ తన మాటల్లాగే ఉంది. పేరు, ఊరు, బేస్‌మెంట్ కిటికీలోంచి కనబడే మనుషుల కాళ్ళు, స్టీలు డబ్బా పట్టుకుని ఉప్మా తిన్న పిల్లలు. వాల్టర్ మెట్లు దిగి వచ్చి ఉత్తరం చదివిన సాయంత్రం. పాప సంగతి ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ వాక్యం దగ్గర ఆగలేదు. తర్వాతి పేరాలోకి వచ్చింది.

"'ఈ దేశంలో నాలాంటి అద్దెవాళ్ళకు ఎవరూ ఏదీ చెప్పరు. ఈ క్లాసువాళ్ళు అలా చేయలేదు. వాళ్ళకు తెలిసిన రోజే నాకు చెప్పారు.'"

ఆగింది. కాగితం మీదనుంచి కళ్ళెత్తి కృష్ణవేణి ముఖంలోకి చూసింది.

"ఇక్కడ మీ నుదురు ముడిపడ్డది ఆంటీ."

కృష్ణవేణి చెయ్యి ఎత్తి నుదుటిమీద పెట్టుకుంది. పెట్టుకుని దించలేకపోయింది.

"ఏంది, గ్రామరా? 'తెలిసిన వెంటనే' అని మార్చమంటారా?"

"గ్రామర్ కాదమ్మా."

"మరి?"

ఊరుకుంటే అయిపోయేది. 'బాగుంది, చదువు' అంటే ఉజ్వల చదివేది. కమిటీలో నలుగురు కళ్ళు తుడుచుకునేవారు. క్లాసు బతికేది. ఈ పిల్లకు ఈ లోకంలో కనీసం కొందరు మనుషులు మంచివాళ్ళన్న నమ్మకం మిగిలేది. ఇవన్నీ కృష్ణవేణి మనసులో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కానీ ఆ ఏడో చిత్తులో, ఆ పిల్ల తన చేత్తో, తన బిడ్డ మాట పక్కనే ఒక అబద్ధం రాసింది. అది అబద్ధమని తెలిసిన మనిషి ఆ గదిలో తనొక్కతే.

"అది నిజం కాదు ఉజ్వలా" అంది. నుదుటిమీది చెయ్యి దించి మళ్ళీ అంది. "మాకు తెలిసిన రోజే నీకు చెప్పలేదు. ల్యాబ్ రిపోర్టు అక్టోబర్ మూడున వచ్చింది. ఉత్తరం ఇరవై తొమ్మిదిన పోస్ట్ చేశాను."

ఉజ్వలకు వెంటనే తలకెక్కలేదు. "మధ్యలో?" అంది.

"మధ్యలో... రాస్తున్నాం."

"ఏం రాస్తున్నరు?"

"ఉత్తరమే."

ఉజ్వల కాగితం బల్లమీద పెట్టింది. ఎడమచేతి బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఖమ్మంలో ఏ అమ్మమ్మో నేర్పిన లెక్క. సాయి తేజ వచ్చిన లేబర్ డేకి ముందు, ఆగస్టులో ఆఖరిసారి బయటున్న రోజు దగ్గర మొదలుపెట్టిందని కృష్ణవేణికి అర్థమైంది. ఆపమని అనలేకపోయింది.

"అక్టోబర్ మూడంటే ఆరో వారం" అంది ఉజ్వల. "మీ లెటర్ వచ్చేసరికి పదో వారం." ఈ వారాల్లో కడుపులో ఏమేం తయారవుతాయో ఆ పిల్ల ఫిబ్రవరి నుంచి ఎన్నిసార్లు చదివి ఉంటుందో. "గుండె తయారయ్యేది అప్పుడే కదా."

"అవునమ్మా."

"అందుకేనా?"

ఈ ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో నేర్పడానికే ఆమె పద్నాలుగేళ్ళు కోర్సు నడిపింది. బోర్డుమీద ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. తెలిసింది చెప్పండి, తెలియంది తెలియదనండి, రెండింటి మధ్యా దాక్కోకండి.

"తెలియదు" అంది. "ఎవరూ చెప్పలేరు. అందుకే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆ ఇరవై ఆరు రోజులూ నువ్వు ఆ గదిలో ఉండాల్సిన పని లేకపోయింది. అది మాత్రం తెలుసు. అఖిల్ మొదటిరోజే ఫోన్ చేద్దామన్నాడు. వద్దన్నది నేనే. పిల్లల తప్పు లేదు."

ఉజ్వల ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని కృష్ణవేణికి అనిపించింది. లేచి వెళ్ళి చార్జింగ్‌లో ఉన్న ఫోన్ తెచ్చుకుని కూర్చుంది. వేలితో పైకి, ఇంకా పైకి తోస్తూ పోయింది. ఒకచోట ఆగింది.

ఏం దొరికిందో కృష్ణవేణికి చూడకముందే తెలుసు.

"అక్టోబర్ పన్నెండు" అని చదివింది ఉజ్వల. "గోంగూర ఎక్కడ దొరుకుద్ది అని నేను అడిగిన. మీరు రెండు నిమిషాల్లో రిప్లై ఇచ్చిన్రు." ఫోన్‌ను బల్లమీద బోర్లించింది. "రెండు నిమిషాల్లో."

"ఉజ్వలా..."

"నా నంబర్ మీ దగ్గర ఉంది. ఫోన్ కూడా వద్దు. 'ఆ గదిలో పడుకోకు' అని ఒక్క ముక్క కొట్టి ఉంటే నేను ఎందుకని కూడా అడగకపోయేదాన్ని. సంచి సర్దుకుని వచ్చేసేదాన్ని." ఇప్పుడు గొంతు పగిలింది. "భయపడతా అనుకున్నరా? భయపడితే ఏమైతది? భయపడి బతికేవాళ్ళం కదా ఇద్దరం."

నన్ను క్షమించు అనాలని కృష్ణవేణికి నోటిదాకా వచ్చింది. అంటే, క్షమించే బరువు కూడా ఆ పిల్ల నెత్తినే పెట్టినట్టవుతుంది. అనకుండానే కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

ఉజ్వల కాగితాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. కృష్ణవేణి చటుక్కున అంది.

"నువ్వు రావద్దమ్మా. డీన్‌కి నేను చెప్తాను. జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను."

"వస్తా" అంది ఉజ్వల తల ఎత్తకుండా. "వస్తానని మాటిచ్చిన."

పెన్ను తీసుకుంది. 'వాళ్ళకు తెలిసిన రోజే నాకు చెప్పారు' అన్న వాక్యం మీద స్కేలు పెట్టినట్టు తిన్నగా ఒక గీత గీసింది. దాని పైన చిన్న అక్షరాలతో, తొందర లేకుండా, 'వాళ్ళకు తెలిసిన ఇరవై ఆరు రోజుల తర్వాత నాకు చెప్పారు' అని రాసింది. రాసింది ఒకసారి తనలో తను చదువుకుంది. ఆ తర్వాత కాగితాన్ని బల్లమీదుగా కృష్ణవేణి వైపు జరిపి, ఆమె నుదుటివైపే చూస్తూ అడిగింది.

"ఇంకెక్కడైనా మార్చాలా, మేడమ్?"